తాళం చెవి తిరిగి అడిగే రోజు

(బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున పనులన్నీ పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నిర్వాహకులు నన్ను ఇల్లు అమ్మడం గురించి మాట్లాడమన్నారు. నేను దాంట్లో ఒక ముక్కే తీసుకుంటాను. ఇల్లు ఎలా అమ్మాలో, ఎంతకు అమ్మాలో చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో వీధికొకరు దొరుకుతారు. బ్రోకర్‌తో రాసుకున్న కాగితాన్ని ఎలా ముగించాలి, కమీషన్ గొడవ అసలు ఎక్కడ మొదలవుతుంది అన్నది మాత్రం గొడవ ముదిరాకే ఆలోచిస్తాం. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి 27 ఏళ్ళయింది. బ్యాంకులో హోమ్ లోన్ విభాగంలోనే ఎక్కువ కాలం పనిచేశాను. నేను లాయర్‌ని కాను. కానీ సేల్ డీడ్‌లు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, అప్పులు చూపే పత్రాలు), ఖాతా (మున్సిపాలిటీ ఆస్తి రికార్డు) కాగితాలు చదవడమే నా ఉద్యోగం. ఇతరుల కాగితాల్లో ఒక్క సర్వే నంబరు తేడా వచ్చినా పట్టుకునేవాణ్ణి. అలాంటివాణ్ణి నా సొంత ఇంటి విషయంలో రెండో పేజీ చదవకుండా సంతకం పెట్టాను. ఆ రెండు నెలలు మా ఆవిడా నేనూ పడ్డ టెన్షన్ ఇంకో కుటుంబం పడకూడదని ఇక్కడికి వచ్చాను.

జరిగింది చెప్తాను. బ్రూక్‌ఫీల్డ్‌లో మాకు మూడు గదుల ఫ్లాట్ ఉండేది. అమ్మాయి హెబ్బాళ వైపు ఉంటుంది, మనవరాలికి దగ్గరగా ఉందామని ఆ ఫ్లాట్ అమ్మాలనుకున్నాం. ఒక ఏజెన్సీ వాళ్ళు ఇంటికి వచ్చారు. కుర్రాళ్ళు మర్యాదగా మాట్లాడారు, ఫోటోలు బాగా తీశారు. ధర 95 లక్షలు అనుకున్నాం. 90 రోజుల ఎక్స్‌క్లూజివ్ మ్యాండేట్, అంటే ఆ గడువులో అమ్మే పని వాళ్ళొక్కరికే అప్పగించినట్టు, ఈ-స్టాంప్ పేపర్ మీద రెండు పేజీల అగ్రిమెంట్ తెచ్చారు. మొదటి పేజీలో ధర, కమీషన్ 2 శాతం, గడువు. మా ఆవిడ టీ తెచ్చే లోపల ఆ పేజీ చదివేశాను. రెండో పేజీ అన్ని అగ్రిమెంట్లలో ఉండేదే కదా అనుకున్నాను.

ఆ రెండో పేజీలో ఏడో నంబరు కింద మూడు మాటలున్నాయి. గడువులో ఇల్లు ఎవరి ద్వారా అమ్ముడుపోయినా 2 శాతం వాళ్ళకే. మధ్యలో నేను అమ్మకం మానుకుంటే, చెప్పిన ధర మీద 1 శాతం. గడువు అయిపోయాక కూడా 180 రోజుల వరకు, వాళ్ళ ద్వారా ఇల్లు చూసినవాళ్ళెవరు కొన్నా కమీషన్ పూర్తిగా. ఇంకో రెండు పేరాల కింద, గడువుకు 15 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దని చెప్పకపోతే అగ్రిమెంట్ మరో 90 రోజులు దానంతట అదే పొడిగింపు అవుతుందని ఉంది.

మొదటి రెండు వారాల్లో నాలుగు పార్టీలు వచ్చాయి. ఆ తర్వాత ఒక్కరూ లేరు. నేను ఫోన్ చేస్తే వాళ్ళు ఎత్తరు. కొన్నాళ్ళకు వాళ్ళు చేస్తే నేనూ ఎత్తడం మానేశాను. 90 రోజులు దాటాయి, తెగిపోయింది అనుకున్నాను. ఐదో నెలలో పై అంతస్తులో ఉండే తిరుపతాయన మా ఇంటికి వచ్చి, తన బావమరిది కోసం ఫ్లాట్ కావాలన్నాడు. పక్కవాళ్ళం, బేరం ఒక్క సాయంత్రంలో కుదిరింది, 92 లక్షలకు. మధ్యలో ఎవరూ లేరు.

రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల దగ్గర ఏజెన్సీ మనిషి ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఫైల్లో మా ఇంటి విజిటర్ల రిజిస్టరు కాపీ. అందులో మూడో వరుసలో తిరుపతాయన పేరు, ఫ్లాట్ నంబరు, సంతకం. నేను ఆశ్చర్యపోయాను. తర్వాత తెలిసిందేమిటంటే, మొదటి వారంలో పార్టీ వచ్చిన రోజు ఆయన బాత్రూం నీళ్ళు మా సీలింగ్‌లోకి కారుతున్నాయో లేదో చూడ్డానికి కిందికి వచ్చాడట. తలుపు దగ్గర ఏజెన్సీ కుర్రాడు పుస్తకం ఇచ్చి సంతకం పెట్టమంటే పెట్టాడు. దాంతో కాగితం ప్రకారం ఆయన "వాళ్ళ ద్వారా ఇల్లు చూసిన" మనిషి అయ్యాడు. పైగా నేను వద్దని రాయలేదు కాబట్టి అగ్రిమెంట్ కూడా ఇంకా నడుస్తూనే ఉంది.

బిల్లు చూపించాడు. 92 లక్షల మీద 2 శాతం అంటే 1,84,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 33,120. మొత్తం 2,17,120 రూపాయలు.

రిజిస్ట్రేషన్ ఆగలేదు. కమీషన్ గొడవ ఉందని సబ్ రిజిస్ట్రార్ సేల్ డీడ్‌ను ఆపడు, అది ఆయన పని కాదు. కానీ ఇంటి రెండో తాళం చెవి వాళ్ళ దగ్గర ఉంది. కొన్నవాళ్ళు ఆ మెట్ల మీదే నన్ను "అంకుల్, ఏమైనా సమస్యా?" అని అడిగినప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకే తెలుసు. రెండు నెలలు నోటీసులు, ఫోన్లు నడిచాయి. చివరికి ఒక తెలిసిన లాయర్ ముందు కూర్చుని 40,000 ఇచ్చి రశీదు తీసుకున్నాను. వాళ్ళు ఫోటోలు తీశారు, ప్రకటనలు పెట్టారు, నలుగురిని తెచ్చారు. ఆ పనికి ఆ డబ్బు ఇవ్వడం నాకు తప్పనిపించలేదు. డెబ్బై ఐదో రోజు లోపల నేను నాలుగు వాక్యాలు రాసి పంపి ఉంటే అంత దూరం వచ్చేదే కాదు.

ఇప్పుడు చట్టంలో ఏముందో చూద్దాం. భయపడకండి, దీనికి కావలసిన చట్టం చాలా పాతది, చాలా సూటిగా ఉంటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. అందులో 182వ సెక్షన్ నుంచి ఏజెన్సీ గురించే. మీరు ప్రిన్సిపల్, అంటే పని అప్పగించినవాళ్ళు. బ్రోకర్ ఏజెంట్, అంటే మీ తరఫున ఆ పని చేసేవాడు.

ఏజెంటుకు ఇచ్చిన అధికారాన్ని మీరు వెనక్కి తీసుకోవచ్చు. 201, 203 సెక్షన్లు ఆ మాటే చెప్తాయి. ఆ అధికారంతో మిమ్మల్ని కట్టిపడేసే పని ఏజెంట్ చేయకముందు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. "సార్, మీరు సంతకం పెట్టారు, ఇక రద్దు చేసే ప్రశ్నే లేదు" అని ఎవరైనా అంటే అది సరికాదు. ఒక్క మినహాయింపు ఉంది, 202వ సెక్షన్. ఆ ఆస్తిలో ఏజెంటుకే సొంత ప్రయోజనం ఉంటే దాన్ని దెబ్బతీసేలా రద్దు చేయలేరు. ఉదాహరణకు మీరు అతని దగ్గర అప్పు తీసుకుని, ఇల్లు అమ్మి ఆ డబ్బులో నీ అప్పు తీర్చుకో అని అధికారం ఇచ్చారనుకోండి. అది రద్దు చేయడానికి కుదరదు. కమీషన్ వస్తుందన్న ఆశ మాత్రం అలాంటి ప్రయోజనం కిందికి రాదు. అందుకే బ్రోకర్ దగ్గర ఎప్పుడూ చేబదులు తీసుకోకండి, అతని పేరు మీద జీపీఏ (మీ తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) అసలే ఇవ్వకండి. ఇల్లు అమ్ముడుపోకముందే "అడ్వాన్సుగా ఐదు లక్షలు వాడుకోండి సార్" అన్నవాళ్ళను నేను చూశాను. ఆ ఐదు లక్షలు మీ చేతిలో పడ్డాక రద్దు చేయడం కష్టమైపోతుంది.

రద్దు చేసే హక్కు ఉన్నంత మాత్రాన ఖర్చు లేకుండా పోదు. ఇంతకాలం అని ఒప్పుకుని, సరైన కారణం లేకుండా మధ్యలో ఆపేస్తే నష్టపరిహారం ఇవ్వాలని 205వ సెక్షన్. తగినంత ముందుగా చెప్పాలని 206. అయితే నష్టపరిహారం అంటే నష్టానికి పరిహారమే. అగ్రిమెంట్‌లో "మానుకుంటే 1 శాతం" అని రాసి ఉన్నా, నా లెక్కలో 95,000 అన్నమాట, అది మొత్తంగా వచ్చి తీరుతుందని లేదు. 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం పైహద్దు. దానికి లోబడి న్యాయమైనంత మాత్రమే కోర్టు ఇప్పిస్తుంది. ఏం ఖర్చు పెట్టారు, ఎన్ని విజిట్లు చేయించారు, ఏ ప్రకటనలు ఇచ్చారు, ఇవన్నీ చూపించమని మీరు అడగవచ్చు. మర్యాదగా అడగండి. చాలాసార్లు అక్కడే లెక్క సగానికి దిగుతుంది.

ఇంకో రెండు సెక్షన్లు మనసులో పెట్టుకోండి. 219 ప్రకారం, వేరేగా రాసుకోకపోతే, పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు కమీషన్ బాకీ పడదు. మరి "పని పూర్తవడం" అంటే ఏమిటి? పార్టీని చూపించడమా, టోకెన్ అడ్వాన్స్ ఇవ్వడమా, సేల్ అగ్రిమెంటా, రిజిస్ట్రేషనా? గొడవల్లో సగం ఇక్కడే. టోకెన్ రోజే సగం కమీషన్ తీసుకుని, తర్వాత బేరం చెడిపోతే తిరిగి ఇవ్వని సందర్భాలు బ్యాంకులో మా కౌంటరు దాకా వచ్చేవి. లోన్ రాక బేరం చెడితే ఆ కమీషన్ ఏమవుతుందని కస్టమర్లు మమ్మల్ని అడిగేవాళ్ళు. మా దగ్గర జవాబు ఉండేది కాదు, వాళ్ళ అగ్రిమెంట్‌లోనూ ఉండేది కాదు. "రిజిస్ట్రేషన్ రోజున, అమ్మకం డబ్బు చేతికి వచ్చాక" అన్న ఆరు మాటలు రాయించుకోండి.

రెండోది 220. తన పనిలో తప్పుగా నడుచుకున్న ఏజెంటుకు ఆ పనికి ప్రతిఫలం లేదు. దీనికి తోడుగా 215వ సెక్షన్ ఉంది. ఏజెంట్ మీకు చెప్పకుండా వేరే మనిషి పేరు పెట్టి మీ ఇంటిని తానే కొంటే, అందులో ముఖ్యమైన సంగతి మోసపూరితంగా దాచాడని, లేదా దానివల్ల మీకు నష్టం వచ్చిందని చూపించగలిగితే ఆ లావాదేవీనే మీరు కాదనవచ్చు. ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకోవడం మన ఊళ్ళో మామూలే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఇద్దరికీ తెలిసి తీసుకోవాలి. అమ్మేవాడికి ఒక ధర, కొనేవాడికి ఇంకో ధర చెప్పి మధ్యలోది మింగడం వేరే సంగతి. కాబట్టి బేరం చివరికి వచ్చినప్పుడు కొనేవాళ్ళతో ఒకసారి మీరే కూర్చుని ధర నోటితో చెప్పించుకోండి.

ఇప్పటిదాకా ఓనర్ల వైపు మాట్లాడాను. రెండో వైపు చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి కుందలహళ్లి వైపు బ్రోకర్ పని చేసేవాడు. సొంత ఆఫీసు లేదు, ఒక స్కూటర్, రెండు ఫోన్లు. ఒక ఓనర్ ఇంటికి ఏప్రిల్, మే ఎండల్లో పార్టీల్ని తిప్పాడు. లిఫ్ట్ పనిచేయని రోజు కూడా నాలుగు అంతస్తులు ఎక్కించాడు. ఈ-ఖాతా, అంటే ఆ ఖాతా ఎలక్ట్రానిక్ రూపం, కాగితాల కోసం ఓనర్ తరఫున తిరిగాడు. ఒక దంపతులకు ఇల్లు నచ్చింది. అప్పుడు ఆ ఓనర్ వాళ్ళకు విడిగా ఫోన్ చేసి, "బ్రోకర్‌ని పక్కన పెడదాం, ఇద్దరికీ రెండేసి లక్షలు మిగులుతాయి" అన్నాడు. అబ్బాయికి మాత్రం "అమ్మే ఆలోచన మానుకున్నాం" అని చెప్పాడు. మూడు నెలల తర్వాత ఆ ఇంటి బాల్కనీలో అదే దంపతులు బట్టలు ఆరేస్తుంటే అబ్బాయి చూశాడు. నా దగ్గరికి వచ్చి చెప్పినప్పుడు వాడి గొంతులో కోపం కూడా లేదు. "అంకుల్, నేను వాళ్ళ పాపకి స్కూల్ కూడా చూపించాను" అన్నాడు.

ఇది మనవాళ్ళు చేసే తప్పు. మన తెలుగువాళ్ళే చేశారు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. 1950లో, అంటే సుప్రీంకోర్టు మొదలైన సంవత్సరమే, కలకత్తా ఇంటి అమ్మకం మీద ఒక తీర్పు వచ్చింది. అబ్దుల్లా అహ్మద్ వర్సెస్ అనిమేంద్ర కిషన్ మిత్తర్ కేసు. బ్రోకర్ కొనేవాళ్ళను తెచ్చాడు. ఓనర్ అతని అధికారాన్ని రద్దు చేశాడు. ఆ తర్వాత ఆ కొనేవాళ్ళు చెప్పిన మనుషులకే ఇల్లు అమ్మాడు. బ్రోకర్ ప్రయత్నం వల్లనే ఆ అమ్మకం కుదిరింది కాబట్టి కమీషన్ ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఇళ్ళ బ్రోకర్ పని కొనేవాణ్ణి వెతికి తేవడం. అంతమాత్రాన ఓనర్ తరఫున అమ్మకం ఒప్పందం తానే ఖాయం చేసే అధికారం అతనికి రాదు. అంటే "పార్టీతో నేను మాట ఇచ్చేశాను, మీరు అమ్మాల్సిందే" అని బ్రోకర్ మిమ్మల్ని కట్టేయలేడు. తన కష్టంతో కుదిరిన అమ్మకానికి కమీషన్ లేకుండా మీరూ తప్పించుకోలేరు. ఈ రెండూ నాకు సమానంగా నచ్చాయి.

గొడవ వచ్చినప్పుడు మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఈ పార్టీ ఈ ఇంటికి ఎవరి వల్ల వచ్చింది? నా తిరుపతాయన బ్రోకర్ వల్ల రాలేదు, నీళ్ళ కారుడు వల్ల వచ్చాడు. బాల్కనీ దంపతులు ఆ అబ్బాయి వల్లనే వచ్చారు. రిజిస్టరులో సంతకం ఒక ఆధారం మాత్రమే, అసలు కారణం అది కాదు.

గడువు గురించి మన ఊరికి సంబంధించిన సంగతి ఒకటి. 2024 చివరి నుంచి బెంగళూరులో ఈ-ఖాతా లేకుండా ఇల్లు రిజిస్టర్ కావడం లేదు. పార్టీ కుదిరాక ఈ-ఖాతా కోసం ఎదురుచూస్తూనే మ్యాండేట్ గడువు దాటిపోవచ్చు. అప్పుడు కొందరు ఓనర్లు "గడువు అయిపోయింది, కమీషన్ లేదు" అంటున్నారు. అది నిలబడే వాదన కాదు, ఆ పార్టీ గడువులోనే అతని చేత వచ్చింది. ముందే ఈ-ఖాతా చేయించుకుని తర్వాత ఇల్లు అమ్మకానికి పెడితే ఈ తలనొప్పే ఉండదు.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు, అక్కడ ఇళ్ళు కొంటున్నారు, అమ్ముతున్నారు. అక్కడ ఇల్లు అమ్మకానికి పెట్టేటప్పుడు ఏజెంట్‌తో రాసుకునే లిస్టింగ్ అగ్రిమెంట్ అన్నది చాలా గట్టి కాగితం. "ఎక్స్‌క్లూజివ్ రైట్ టు సెల్" అంటే ఓనరే పార్టీని తెచ్చుకున్నా ఏజెంటుకు కమీషన్. "ఎక్స్‌క్లూజివ్ ఏజెన్సీ" అంటే ఓనర్ సొంతంగా అమ్ముకుంటే కమీషన్ లేదు. మన ఏజెన్సీలు వాడే కాగితాల్లో ఆ మొదటి రకం మాటలే కనిపిస్తున్నాయి, నా ఏడో నంబరు కూడా అదే. అక్కడ చాలా ఏళ్ళు రెండు వైపుల ఏజెంట్ల కమీషనూ అమ్మేవాళ్ళ మీదే పడేది, మొత్తం 5, 6 శాతం దాకా. దాని మీద కేసులు నడిచి, అక్కడి ఏజెంట్ల సంఘం నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2024 మార్చిలో 41 కోట్ల 80 లక్షల డాలర్లకు రాజీకి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి, కొనేవాళ్ళ ఏజెంట్ ఇల్లు చూపించే ముందే తన ఫీజు ఎంతో రాతలో పెట్టాలి. మీ అబ్బాయో అమ్మాయో అక్కడ ఇల్లు కొంటున్నా, అమ్ముతున్నా ఈ మాట చెప్పండి. ఇక్కడి పద్ధతులు అక్కడ, అక్కడివి ఇక్కడ కలపకండి. మన దగ్గర ఎవరి వైపు కమీషన్ వాళ్ళు ఇచ్చుకుంటారు. పాత ఇంటి అమ్మకంలో ఒక్కో వైపు 1 నుంచి 2 శాతం మామూలుగా నడుస్తోంది. ఈ రేటు ఏదో చట్టంలో లేదు, మాట్లాడుకుంటే తగ్గుతుంది.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, గురించి అడుగుతారని తెలుసు. 2016 రెరా చట్టంలో 9వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ అయిన ప్రాజెక్టుల్లో బిల్డర్ అమ్మే ఫ్లాట్లకు మధ్యవర్తిత్వం చేసే ఏజెంట్ రెరాలో నమోదు కావాలి. మీరు పదేళ్ళు ఉన్న ఇంటిని అమ్ముకుంటుంటే ఆ సెక్షన్ నేరుగా పట్టదు. అయినా రెరా నంబరు ఉన్న ఏజెంట్ దొరికితే మంచిదే, కనీసం అతని చిరునామా ఒకచోట రాసి ఉంటుంది.

డబ్బు ఎలా ఇవ్వాలి? బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రశీదు తీసుకోండి. మా బ్యాంకువాళ్ళ చాదస్తం అనుకోకండి. ఇల్లు అమ్మితే వచ్చే లాభం, అంటే క్యాపిటల్ గెయిన్స్, లెక్కలో అమ్మకం కోసమే పెట్టిన ఖర్చుగా బ్రోకర్ కమీషన్ తీసివేయవచ్చు. నగదుగా ఇచ్చి రశీదు లేకపోతే ఆ డబ్బు మీద కూడా మీరు పన్ను కట్టినట్టే. జీఎస్టీ అడిగితే జీఎస్టీ నంబరు అడగండి. సేవల మీద ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న చిన్న బ్రోకర్‌కు సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాడు జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి వసూలు చేయకూడదు.

ఇక అసలు పని, ముగింపు ఉత్తరం. నేను రాయని ఆ నాలుగు వాక్యాలు. ఇప్పుడు అడిగినవాళ్ళందరికీ నేను ఇలా రాయిస్తున్నాను. ఫోన్లో రాసుకుంటే రాసుకోండి:

"ఫలానా తేదీన మీతో కుదుర్చుకున్న అగ్రిమెంట్‌ను, అందులోని నోటీసు నిబంధన ప్రకారం, ఫలానా తేదీ నుంచి ముగిస్తున్నాను. ఆ తేదీ తర్వాత మా ఇంటిని ఎవరికీ చూపించవద్దు, ప్రకటనలు, ఫోటోలు తీసేయండి. ఇప్పటిదాకా మీ ద్వారా ఇల్లు చూసినవాళ్ళ పేర్లు, చూసిన తేదీలు ఏడు రోజుల్లో రాసి పంపండి, ఆ జాబితాలో ఉన్నవాళ్ళకు అమ్మితే మీ కమీషన్ హక్కును గౌరవిస్తాను. మా తాళం చెవులు, కాగితాల కాపీలు తిరిగి ఇవ్వండి."

మూడో వాక్యమే దీనికి ప్రాణం. పేర్ల జాబితా ఇప్పుడే చేతికి వస్తే, ఐదో నెలలో కొత్త పేరు పుట్టదు. ఆ జాబితాలో తిరుపతాయన పేరు కనబడి ఉంటే నేను ఆ రోజే "ఈయన పార్టీ కాదు, పై ఇంటాయన" అని జవాబు రాసేవాణ్ణి. నిజంగా వాళ్ళు తెచ్చిన పార్టీకి కమీషన్ ఇస్తానని మీరే ముందుగా రాస్తున్నారు కాబట్టి, నిజాయితీగా పనిచేసిన బ్రోకర్‌కు ఈ ఉత్తరం మీద కోపం రాదు.

ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపండి, రశీదు దాచండి. అదే రోజు ఈమెయిల్, వాట్సాప్ కూడా చేయండి. వాట్సాప్ సందేశం కూడా సాక్ష్యంగా పనికొస్తుంది, కోర్టుకు వెళ్తే దానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి, అంతే. కాబట్టి చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చినా బ్యాకప్ ఉంచండి. నాలాగా ఫోన్ ఎత్తకుండా ఊరుకుంటే మాత్రం ఏదీ ముగియదు. చట్టంలో రద్దు అన్నది ప్రవర్తన వల్ల కూడా తెలియవచ్చని ఉంది, కానీ ఏజెంట్ విషయంలో అతనికి తెలిసినప్పటి నుంచే అది అమలు. తెలిసిందని రుజువు చేయాల్సింది మీరు.

అప్పటికీ గొడవ వస్తే? పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తకండి, మోసం జరిగి ఉంటే తప్ప ఇది సివిల్ వ్యవహారం. ముందు ఎదురెదురుగా కూర్చోండి. కుదరకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గర లోక్ అదాలత్ ఉంది. కేసు వేయకముందే అక్కడికి వెళ్ళవచ్చు, అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. బ్రోకర్ సేవలో లోపం వల్ల మీరు నష్టపోతే వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ళ లోపల వేయాలి. సేవకు మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బ్రోకర్ తన కమీషన్ కోసం వెళ్ళాల్సింది సివిల్ కోర్టుకు, అతనికి మూడేళ్ళ గడువు. నోటీసు వస్తే చింపి పారేయకండి, జవాబు ఇవ్వండి. జవాబు ఇవ్వని నోటీసు తర్వాత చాలా ఖరీదు అవుతుంది.

(ఇక్కడ ఒక శ్రోత లేచి అడిగారు: "అన్నా, మా బ్రోకర్ దగ్గర ఒరిజినల్ సేల్ డీడ్ ఉంది. కమీషన్ ఇస్తేనే ఇస్తానంటున్నాడు. అలా పట్టుకోవచ్చా?")

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ, నేను మర్చిపోయేవాణ్ణి. 221వ సెక్షన్ అని ఒకటి ఉంది. వేరేగా ఒప్పుకోకపోతే, నిజంగా బాకీ ఉన్న కమీషన్ తీరేదాకా, తన చేతికి వచ్చిన మీ వస్తువులు, కాగితాలు ఏజెంట్ తన దగ్గర ఉంచుకోవచ్చు. బాకీ ఉంటేనే. పని పూర్తి కాకుండా కమీషనే పుట్టని చోట ఆ హక్కు లేదు. నీ ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు కదా? అయితే ఆ మాటే రాసి ఉత్తరం పంపు, అమ్మకం జరగలేదు, కమీషన్ బాకీ లేదు, డీడ్ వెంటనే తిరిగి ఇవ్వమని. పంపే ముందు నీ అగ్రిమెంట్ ఒకసారి లాయర్‌కు చూపించు, టోకెన్ రోజే కమీషన్ అని రాసి ఉంటే లెక్క మారుతుంది. ఈ లోపల కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకో, కొనేవాళ్ళు అడిగితే చూపించడానికి పనికొస్తుంది. ఇక్కడున్న మిగతా అందరికీ నా ప్రార్థన, ఒరిజినల్ కాగితాలు ఏ బ్రోకర్ చేతికీ ఇవ్వకండి. జిరాక్స్ కాపీ చాలు, దాని మీద అడ్డంగా "అమ్మకం పరిశీలనకు మాత్రమే" అని పెన్నుతో రాసి ఇవ్వండి.

(మరొక శ్రోత: "తాళం చెవి సంగతి ఏమయింది సార్?")

రాజీ రోజున తెచ్చి టేబుల్ మీద పెట్టారు. అప్పటికే కొన్నవాళ్ళు తాళం మార్చుకున్నారు, మార్చుకోమని నేనే చెప్పాను, ఆ ఖర్చు నేనే ఇచ్చాను. ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరు ఇల్లు అమ్మకానికి పెట్టినా చెవి బ్రోకర్‌కు ఇవ్వనివ్వను. కింద సెక్యూరిటీ దగ్గర పెట్టి, పుస్తకంలో తీసుకున్న టైము, ఇచ్చిన టైము రాయించమంటాను. తప్పక ఇవ్వాల్సి వస్తే ఒక చిన్న కాగితం మీద "రెండు తాళం చెవులు, ఒక గేటు కార్డు తీసుకున్నాం" అని తేదీ వేసి సంతకం పెట్టించుకోండి. తిరిగి తీసుకున్న రోజు అదే కాగితం కింద, అదే మనిషి చేత, ఇంకో తేదీ వేయించండి.